కంటి మీద బొట్టు

నేను ఒక క్షిపణిని. విమానం రెక్క కింద వేలాడుతూ, ఎదుటి విమానం వేడిని కంటితో పట్టుకుని వెంటాడడం నా పని. ఆ కన్ను పరాయి దేశం నుంచి రావలసింది. యుద్ధంలో వాడే ప్రమాదం ఉందని వాళ్ళు అమ్మకం ఆపేశారు. నన్ను పెళ్ళి ఊరేగింపులో వాడతామని మనవాళ్ళూ ఎన్నడూ చెప్పలేదు. కన్ను అమ్మని ఆ దేశమే, మొత్తం క్షిపణి కావాలంటే మాత్రం అమ్ముతామంది.

దాంతో హైదరాబాదు శివార్లలోని మా ప్రయోగశాలలో ఇంజనీరు సుభాషిణి గారు కన్ను తయారుచేయడానికి కూర్చున్నారు. అద్దం సానపట్టడం, అది పగలడం, మళ్ళీ సానపట్టడం. ఏళ్ళు గడిచాయి. చివరికి ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది. నన్ను పేల్చరు, రెక్కకు కట్టి తిప్పుతారు. ముందు పోయే విమానం నాకు కనబడితే సరే. లేకపోతే మా పని మూసేసి బయటి క్షిపణులే కొంటారు.

నేల మీద పరీక్షలన్నీ అయ్యాక, ఎగిరే ముందు పూజ చేశారు. సుభాషిణి గారు భర్త పోయిన మనిషి. ఎవరూ పిలవలేదు, ఆమె రాలేదు. షెడ్డు వెనక నిలబడ్డారు. డైరెక్టరు వామనరావు గారు కొబ్బరికాయ కొట్టి, గంధం మీద కుంకుమ అద్ది, నా మొహం నడిమధ్యన పెద్ద బొట్టు పెట్టారు. అందరూ చూశారు. కళ వచ్చిందన్నారు.

పైకెళ్ళాక నాకేమీ కనబడలేదు.

దిగాక నా పొట్ట విప్పి తీగలన్నీ వెతికారు. కమిటీ పెద్ద సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు సుభాషిణి గారు వచ్చి నా ముందు వంగి చూశారు.

“ఎవరండీ, దీని కంట్లో కుంకుమ కొట్టింది?”

“నుదురనుకున్నానమ్మా,” అన్నారు వామనరావు గారు.

“దీనికి నుదురెక్కడిది సార్? మొహమంతా కన్నే.”

ఆమె స్పిరిటు గుడ్డతో తుడిచి, ఇంకొక్కసారి ఎగరేయమని కమిటీని అడిగారు. పెద్దాయన వాచీ చూసుకుని సరేనన్నాడు. వామనరావు గారికే మనసొప్పలేదు.

“బొట్టు చెరిపేసి పంపితే అశుభం కదమ్మా. పోనీ, తోక మీద పెడదామా?”

“నేను రోజూ అలాగే బయల్దేరుతున్నానండీ. ఆఫీసుకు చేరుతూనే ఉన్నాను.”

ఆయన కుంకుమ భరిణె జేబులో వేసుకున్నారు.

ఈసారి ముందున్న విమానం ఇంజను పొయ్యిలో నిప్పులా కనిపించింది. అది ఎటు తిరిగినా నేను వదల్లేదు. కమిటీ బయటి కొనుగోలు మాట మానుకుంది.

ఇప్పుడు నేను ప్రదర్శనశాలలో గాజు పెట్టెలో ఉన్నాను. బడిపిల్లలు నన్ను రాకెట్టు అంటారు, టీచర్లు సరిదిద్దరు. నా తరవాతి వాళ్ళందరికీ సుభాషిణి గారే కళ్ళు చేసి పెట్టారు. వాళ్ళను సముద్రం మీద నిజంగానే పేల్చారు. ఒక్కరికీ గురి తప్పలేదు. అందుకే ఆత్మకథ చెప్పుకోవడానికి వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.