బోర్డు మార్చిన సోమవారం

ఆ కొట్టుకి దాన్ని కట్టించిన పెద్దాయన ఇంటిపేరే పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకి అది పెద్దకొట్టు. మూడంతస్తులు. సూది నుంచి సూట్‌కేసు దాకా దొరుకుతుందని జనం నమ్మకం. ఏదైనా దొరక్కపోతే, "పెద్దకొట్టులోనే లేదంటే ఇంకెక్కడుంటుందిలే" అని ఆ వస్తువు మీదే ఆశ వదులుకునేవాళ్లు.

కింది అంతస్తులో మెట్ల పక్కన గుండీలూ దారాలూ అమ్మే కౌంటరు ఉండేది. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఒకావిడే నిలబడింది. అందరూ ఆవిణ్ణి గుండీలక్క అనేవాళ్లు. చూడకుండా వేళ్లతో తడిమి, ఇది కోటు గుండీ, ఇది పసిపిల్లల గౌనుది అని చెప్పేసేది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ దగ్గరికి ఒక ముసలావిడ వచ్చేది. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఆ ఊరి గుమాస్తాల్లో సగం మంది ఆవిడ చేతి మొట్టికాయలు తిన్నవాళ్లే. ఇప్పుడు మతిమరుపు జబ్బు. పిల్లల్లేరు. భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనే ఆవిడకి తల దువ్వి, చెప్పులు తొడిగి తీసుకొచ్చేవాడు.

టైపు టీచరుకి ఒక్కోసారి తన వంటిల్లే కొత్తగా కనిపించేది. పెద్దకొట్టు మాత్రం కంఠతా వచ్చు. గుమ్మం దగ్గర భర్త చెయ్యి వదిలేసి, కాపలా ఉండే బాబాయిని పలకరించి, మెట్ల కమ్మీ పట్టుకుని నేరుగా గుండీలక్క పక్కనున్న స్టూలు మీద వచ్చి కూర్చునేది. కలిసిపోయిన గుండీలు ఒక ట్రేలో పోసి ముందు పెడితే, ఐదింటిదాకా రంగుకి రంగు ఏరుతూ ఉండేది. ఆ రెండు గంటల్లోనే డ్రైవరు బట్టలుతుక్కుని, వంట చూసుకుని, కాసేపు నడుం వాల్చేవాడు.

"మీకు రోజూ శ్రమ ఇస్తున్నానమ్మా" అనేవాడాయన ఎప్పుడైనా.

"శ్రమేంటన్నయ్యా? జీతం లేని అసిస్టెంటు దొరికింది నాకు" అనేది గుండీలక్క.

పెద్దాయన పోయాక ముగ్గురు కొడుకులూ మూడు దిక్కులకి లాగారు. చివరికి కొట్టుని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. పది రోజుల పాటు ముందరి గోడంతా నీలం పట్టాలు కప్పి లోపల సుత్తులు మోగించారు. ఆ పది రోజులూ టీచరుకి జ్వరమొచ్చి ఇంట్లోనే ఉంది. జబ్బు కూడా కలిసొచ్చిందనుకున్నాడు డ్రైవరు. బోర్డు మారుస్తున్నారని ఆయనకి తెలుసు. బోర్డే కదా, దాందేముంది అనుకున్నాడు.

సోమవారం పట్టాలు దించారు. ఆకుపచ్చ బోర్డు మీద మూడక్షరాల పేరు. ఏ భాషో, ఏం అర్థమో ఎవరికీ తెలియలేదు. పొద్దున్నుంచీ జనం రోడ్డుకి అవతల నిలబడి తలెత్తి చూడటమే.

"ఇదేం పేరే? తుమ్మినట్టుంది" అంది ఒకావిడ పక్కావిడతో.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నాడు ఎదురుగా సెలూన్ నడిపే ఆయన, కత్తెర చేతిలో పట్టుకునే.

ఒక రిటైర్డు లెక్కల మాస్టారు, పాత పేరు తిరిగి పెట్టాలని కాగితం రాసుకొచ్చి అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇంట్లో దాచుకున్న పాత కొట్టు సంచులు భుజాన తగిలించుకుని మరీ వచ్చారు. లోపలికెళ్లిన వాళ్లు మొహాలు వేలాడేసుకుని బయటికొచ్చారు. గిన్నెలు పైకి పోయాయి. బొమ్మలు అసలే లేవు. మెట్ల పక్కన గుండీల కౌంటరున్న చోట అత్తరు సీసాల అద్దాల బీరువాలు.

గుండీలక్కకి ఆకుపచ్చ టీషర్టూ, నుదురు కప్పేసే టోపీ ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్లకి నవ్వుతూ కరపత్రం ఇవ్వాలి. కొత్త మేనేజరు చెడ్డవాడేం కాదు, కానీ అతనికీ పైనుంచి ఒత్తిడి.

"అమ్మా, మీ చోటు వదిలి కదలొద్దు. నవ్వు కూడా ఆపొద్దు. ఇవాళ ఫొటోలు తీస్తారు" అన్నాడు.

కాపలా బాబాయిని శుక్రవారమే మాన్పించారు. అతని చోట ఏజెన్సీ మనిషి ఒకడు నిలబడ్డాడు.

మూడింటికి డ్రైవరు టీచరుని తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర స్పీకర్లు, బుడగలు, జనం. దూరం నుంచే గుండీలక్క చెయ్యి ఊపింది. టోపీ కింద ఆవిణ్ణి గుర్తుపట్టి డ్రైవరు కూడా చెయ్యి ఊపాడు. ఎప్పట్లాగే భార్య చెయ్యి వదిలి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

టీచరు నిలబడిపోయింది. అక్షరాలు చదవడం ఆవిడ ఇంకా మర్చిపోలేదు. బోర్డు మీదున్న మూడక్షరాలూ పెదాలు కదుపుతూ చదివింది. మెల్లగా గుండీలక్క దగ్గరికొచ్చి, ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఏమ్మా, పెద్దకొట్టుకి ఎటెళ్లాలి?"

"ఇదేనండీ టీచరుగారూ. నేనే, గుండీలక్కని."

టీచరు ఆవిడ టోపీ వైపు, టీషర్టు వైపు చూసింది. "అబద్ధాలాడకూడదు" అంది, క్లాసులో చెప్పినట్టు.

పక్కనే ఒక దర్జీ నిలబడి ఉన్నాడు. పాతికేళ్లుగా దారాలు అక్కడే కొన్న మనిషి. అంతకుముందే లోపలంతా తిరిగి, దారప్పెట్టె ఒక్కటి కూడా దొరక్క ఒళ్లు మండి బయటికొచ్చాడు. టీచరెవరో అతనికి తెలీదు.

"పెద్దకొట్టా? ఇంకెక్కడి పెద్దకొట్టమ్మా! అది చచ్చిపోయింది. ఇదిగో, ఇవాళ దినం చేస్తున్నారు" అన్నాడు గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

టీచరు నవ్వలేదు. "ఎప్పుడు పోయింది?" అని అడిగింది.

గుండీలక్క ఏదో చెప్పబోయేలోగా మేనేజరు పిలిచాడు. ఫొటోలవాళ్లు వచ్చారు, సిబ్బంది అంతా పై అంతస్తులో వరుసగా నిలబడాలట. "ఒక్క నిమిషం ఇక్కడే ఉండండి టీచరుగారూ" అని పరుగెత్తింది. ఒక్క నిమిషం కాస్తా పావుగంటయింది. తిరిగొచ్చేసరికి టీచరు లేదు. లోపలికెళ్లి ఉంటుందిలే, ఏ మూలో కూర్చుని ఉంటుందిలే అనుకుంది. వెళ్లి చూసి రావచ్చు. మేనేజరు అటే చూస్తున్నాడు. వెళ్లలేదు.

ఐదింటికి డ్రైవరు వచ్చాడు.

"ఏదమ్మా మీ అసిస్టెంటు?" అన్నాడు నవ్వుతూ.

ఆ మాటతో గుండీలక్క టోపీ తీసి నేల మీద పడేసి లోపలికి పరుగెత్తింది. మూడంతస్తులూ వెతికారు, బట్టలు వేసుకుని చూసుకునే గదులతో సహా. మేనేజరు మైకులో పిలిపించాడు. ఆ పిలుపు విని, టీ తాగుతున్న దర్జీ రోడ్డు దాటి వచ్చి, ఎలాంటి మనిషని అడిగాడు. డ్రైవరు చెప్పాడు. దర్జీ మొహం మాడిపోయింది.

"నేనే అన్నానండీ. కొట్టు చచ్చిపోయిందని. ఊరికే... కోపంలో" అన్నాడు.

"ఎటు వెళ్లిందో చూశారా?" అని అడిగాడు డ్రైవరు.

దర్జీ చూడలేదన్నాడు. అతనూ, డ్రైవరూ, గుండీలక్కా మూడు దారులు పట్టారు. టీచరు దారి పొడుగునా పెద్దకొట్టు ఎక్కడని అడుగుతూనే వెళ్లిందట. పళ్లబండి అతన్ని అడిగితే పేరు మారిందన్నాడు. చెప్పుల షాపువాడు, మూసేశారన్నాడు. బస్టాపులో ఎవరో, అమ్మేశారన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి దింపనూ లేదు.

చీకటి పడే వేళకి రైలు గేటు అవతల ఒక స్కూటరు మెకానిక్కు షెడ్డులో దొరికింది. దొరికింది డ్రైవరుకే. పట్టాల పక్క కంకర మీద పడిందట, మెకానిక్కు లేపి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. కుడి మణికట్టు వాచి ఉంది. భర్తని చూసి, "చూడండి, పెద్దకొట్టు పోయిందట. నాకెవరూ కబురు కూడా చెయ్యలేదు" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

మణికట్టు విరిగింది. ఆరువారాల కట్టు. డాక్టరు ఎముక గురించి భయం లేదన్నాడు. మిగతా సంగతి మాత్రం ఏమీ చెప్పలేనన్నాడు. ఇలాంటివాళ్లకి ఒక్క దెబ్బతో మతి నాలుగు మెట్లు దిగిపోతుందన్నాడు. అలాగే దిగింది. కట్టు విప్పేనాటికి టీచరు ఎప్పుడు తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో తనకే తెలియని స్థితికొచ్చింది. ఒక్కటే ధ్యాస, చెప్పులేసుకుని బయటికెళ్లాలి.

దర్జీ ఒకసారి వాళ్లింటికి వెళ్లాడు. కట్టు పట్టేలా వెడల్పు చేతులతో రెండు జాకెట్లు కుట్టుకెళ్లి ఇచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పెద్దకొట్టు ఉన్న వీధిలోకి మళ్లీ వెళ్లలేదని ఆ తర్వాత ఎవరో చెప్పారు.

మిగతా జనానికి అన్నీ అలవాటైపోయాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆకుపచ్చ సంచులు ఊరంతా కనిపించాయి. సంతకాలు పెట్టించిన లెక్కల మాస్టారు ఒకరోజు గుండీలక్కకి ఎదురుపడి, చేతిలో సంచిని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం చేస్తామమ్మా, తక్కువకిస్తున్నారు" అన్నాడు ఆవిడ అడక్కుండానే.

ఇంకో రోజు డ్రైవరు ఒక్కడే వచ్చాడు. గుండీలక్కని చూసి కూడా చూడనట్టు లోపలికి పోబోయాడు. ఆవిడే ఎదురెళ్లింది.

"ఏం కావాలన్నయ్యా?"

ఆయన నేల చూస్తూ, "తాళం కప్ప" అన్నాడు. "బయట గొళ్లేనికి. నేను పాలకి, మందులకి వెళ్లాలి కదా. నా వెనకే వచ్చేస్తోంది."

గుండీలక్క ఆయన్ని పైకి తీసుకెళ్లింది. నాలుగు రకాలు చూపించింది. ఆయన దేన్నీ చూడకుండా, "గట్టిది ఇవ్వండమ్మా" అన్నాడు. బిల్లు వేసేదాకా నిలబడి ఆవిడే సంచిలో వేసి ఇచ్చింది.

"ఆరోజు నేను వెంటనే లోపలికి వెళ్లి చూసి ఉంటే..." అంది. ఇన్నాళ్లూ దాచుకున్న మాట అది.

డ్రైవరు సంచి అందుకున్నాడు. "ఒకసారి రండి. ఎవరూ రావడం లేదు" అన్నాడు.

ఆ గురువారం సెలవు పెట్టుకుని వెళ్లింది. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన మంచం మీద టీచరు కూర్చుని ఉంది. జుట్టు దువ్వి ఉంది, మొహం సగమైంది. గుండీలక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"పెద్దకొట్టు నుంచి వచ్చానండీ."

టీచరు కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ కొట్టు పోయింది కదా. పాపం, నీ పని కూడా పోయిందా?" అని అడిగింది.

పోలేదనీ, ఉన్నాననీ, గుమ్మం దగ్గర నిలబడుతున్నాననీ చెబితే ఇంకోసారి అబద్ధాలాడకూడదంటుందేమోనని భయమేసింది గుండీలక్కకి.

"పోయిందండీ" అంది.

"ఏడవకు" అంటూ టీచరు ఆవిడ వీపు నిమిరింది. "వయసులో ఉన్నదానివి. ఇంకోటి దొరుకుతుంది."

ఏడుస్తున్నానని గుండీలక్కకి అప్పుడే తెలిసింది. గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు లోపలికి తిరిగి, టీ పెట్టడానికి వెళ్లాడు.

తర్వాత ప్రతి గురువారం వెళ్లింది. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఓదార్పు. చలికాలం మొదలయ్యాక కంపెనీ పాతవాళ్లని పదకొండు మందిని తీసేసింది. అందులో గుండీలక్క కూడా ఉంది. చేతికి కవరిచ్చి, కళ్లల్లోకి చూడకుండా మేనేజరు సారీ చెప్పాడు. ఆ సంగతి చెప్పుకుందామని ఆ వారం కూడా వెళ్లి, మంచం పక్కన కూర్చుని ఆ పాత ప్రశ్న కోసమే ఎదురుచూసింది.

టీచరు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఆరోజు ఏమీ అడగలేదు.