బ్రేకు ముందు మనిషి

అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. తుప్పు పట్టి చక్రం ఇరుసుకు అతుక్కుపోయిన పాత బ్రేకు డిస్కును బుగ్గరాములు సుత్తితో తడుతున్నాడు. గట్టిగా కొడితే లోపల బేరింగు పోతుంది, మెత్తగా కొడితే పొద్దుగూకినా ఊడదు. కుడిచెయ్యి వణుకు కనబడకుండా మణికట్టును మోకాలికి ఆనించి కొడుతున్నాడు. బక్క మనిషి. ఏళ్ళ తరబడి బండ్ల కింద దూరి దూరి నడుం వంగింది, వంగిన నడుం మళ్ళీ లేవలేదు. గోళ్ళలో గ్రీజు ఏ సబ్బుకూ లొంగదు. ఇంటి నుంచి వేసుకొచ్చిన గళ్ళ చొక్కాను మాత్రం గ్రీజు అంటకుండా మూలనున్న మేకుకు తగిలించాడు.

అశోక్‌నగర్ సందులో, రోడ్డుకంటే పల్లంలో ఉంది ఆ రేకుల షెడ్డు. లోపలికి దిగిన బండి మూతి వెనక గోడవైపు ఉంటుంది. పాత యజమాని పోయాక ఆయన కొడుకు సుమంత్ సేటయ్యాడు. పొద్దున్నే ఈ పెద్ద కారు దిగగానే అతను రాములు పక్కన నిలబడి ఉన్నమాట చెప్పేశాడు.

"రాములన్నా, మల్ల చెప్పలేదనకు. ఈ బండి బ్రేకు మంచిగ చేస్తివా, సరే. కస్టమర్ ఒక్క మాటన్నాడా, రేపటి సంది పైపు పట్టుకొని బండ్లు కడుగుడే."

"చెయ్యి వణుకుతది గానీ పని వణకదు సేట్," అన్నాడు రాములు.

బ్రేకు పని తప్ప ఈ లోకంలో తనదంటూ చెప్పుకోడానికి రాములుకు ఏమీ లేదు. పిల్లల్లేరు. చిక్కడపల్లి మార్కెట్లో పూలమ్మే భార్య మాసమ్మ ఒక్కతే ఉంది. ఎన్ని వేల బండ్లు బాగుచేశాడో గాని, ఆయన నడిపినదంతా షెడ్డు నుంచి సందు మలుపు దాకా, మలుపు నుంచి షెడ్డు దాకా. లైసెన్సు తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఎక్కడికి వెళ్ళాలని తీసుకుంటాడు!

నారాయణగూడలో గఫూర్ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న రోజుల నుంచి ఒక్క పద్ధతి మాత్రం తప్పలేదు. బ్రేకు బిగించినవాడు బండి ముందు నిలబడాలి. వేరేవాళ్ళు స్టీరింగు పట్టుకుని బండిని తన మీదికి కదిలించి ఆపాలి. "నీ పానం నీ పని ముందర పెట్టు, అప్పుడు నట్టు వదులుగ ఉండదు," అనేవాడు ఉస్తాద్. ఉస్తాద్ పోయాడు, ఆ షెడ్డూ పోయింది. ఈ పిచ్చి పద్ధతిని పట్టుకుని వేలాడినవాడు రాములు ఒక్కడే.

మధ్యాహ్నానికల్లా ముందు చక్రాలు రెంటికీ కొత్త డిస్కులు ఎక్కాయి. వాటిని రెండు వైపుల నుంచి పట్టి నొక్కే క్యాలిపర్లూ బిగుసుకున్నాయి. ఆయిలు పోసి, గొట్టాల్లో గాలి తీసి, రాములు లోపల కూర్చుని పెడల్ తొక్కాడు. మొదట కాలు నేలదాకా దిగబడింది. తొక్కగా తొక్కగా పెడల్ రాయిలా నిలిచింది. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు చూడాలి! పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలి, చక్రాలు ఎక్కించే ముందు చాయ్ తాగొస్తానని సందు చివరికి వెళ్ళాడు.

కారు విద్యాసాగర్‌ది. హిమాయత్‌నగర్‌లో ఉంటాడు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నాడు.

"ఆయన చేతులు చూశావటయ్యా? వణుకుతున్నాయి. లోపల కొత్త సామానే వేశాడో, పాతది తుడిచి పెట్టాడో ఎవరికి తెలుసు? విప్పి ఫోటోలు పంపించు, మా అబ్బాయికి చూపించాలి."

సుమంత్‌కు కస్టమర్ దేవుడు. రెండు క్యాలిపర్లూ విప్పి ఫోటోలు తీశాడు. తిరిగి పెట్టబోతే అవి డిస్కు మీదికి ఎక్కలేదు. ప్యాడ్లను నొక్కే పిస్టన్లను స్క్రూడ్రైవర్‌తో వెనక్కి తోసి బిగించాడు. అలా తోస్తే పెడల్ మళ్ళీ ఉత్తదైపోతుందని, తొక్కి తొక్కి గట్టి చేయాలని అతనికి తెలియక కాదు. విద్యాసాగర్ "టైమవుతోంది, విజయవాడ వెళ్ళాలి" అని తొందర పెడుతుంటే మరిచిపోయాడు. రాములు వచ్చాక విప్పిన సంగతీ చెప్పలేదు. చెబితే ముసలాయన మూతి ముడుచుకుంటాడు, ఇంకో గంట పోతుంది.

రాములు చక్రాలెక్కించి, జాకీ దించి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"రానియ్యి సేట్."

సుమంత్ గేరు వేశాడు. పల్లం, బరువైన బండి. రాములు బానెట్‌ను చూడలేదు, ఎప్పటిలాగే చక్రాన్ని చూస్తున్నాడు. సుమంత్ పెడల్ తొక్కాడు. కాలు నేలకు తగిలింది.

నెత్తురు రాలేదు. అరుపూ లేదు. బండిని వెనక్కి తోశాక రాములు గోడ వెంబడి మెల్లగా జారి కూర్చున్నాడు.

"పెడల్ రాయి లెక్క ఉండె గదా సేట్... ఎవలన్న ఇప్పిన్రా?"

సుమంత్ ఆటో కోసం సందు మలుపుకు పరిగెత్తాడు. జవాబు కోసం చూస్తూ చూస్తూనే రాములు ఆటోలో ప్రాణం విడిచాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. రాములుకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. "చెయ్యి వణుకుతుండె. వద్దన్న, ఇనలే. సరిగ్గ బిగియ్యకనే ముందర నిలబడ్డడు," అని సుమంత్ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. బస్తీ అంతా అవునవునంది. విద్యాసాగర్‌కు అసలు సంగతి తెలుసు. తెలిసీ ఆయన అడిగింది ఒక్కటే.

"ఇప్పుడు బ్రేకులు పడుతున్నాయా?"

సుమంత్ ఎక్కి నాలుగుసార్లు తొక్కాడు. పెడల్ రాయిలా నిలిచింది.

మాసమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి కొంగుతో ముక్కు తుడుచుకుని సుమంత్ ముందు చేతులు జోడించింది.

"మా ముసలోడు జేసిన తప్పుకు మీరందరు పరేషాన్ అయిన్రు సారూ. మాఫ్ జెయ్యుండ్రి."

"పోనీలే అమ్మా," అన్నాడు సుమంత్ ఉదారంగా. మనిషన్నవాడికి ఆ మాట ఎలా వచ్చిందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

రాములును పని బట్టల్లోనే తీసుకుపోయారు. వారం తిరక్కుండానే వచ్చిన కొత్త మెకానిక్ తన టీషర్టు తగిలించడానికి మేకు కోసం వెతికాడు. షెడ్డు మూల ఉన్న ఒక్క మేకుకూ అప్పటికే ఒక గళ్ళ చొక్కా ఉంది. అతను దాని మీదే తన టీషర్టు వేసి పనిలోకి దిగాడు. కింద ఆ గళ్ళ చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు.