మడమ మానేదాకా

తిరుపాల్ కుడి మడమ వెనక నొప్పి 2003 వేసవిలో మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం జివ్వుమనేది. ధర్మవరం నేతగాడు మడమ నొప్పికి మగ్గం ఆపుతాడా? నూనె రాసి, గుడ్డ బిగించి, మగ్గం గుంటలోకి దిగి రోజంతా కాళ్ళ కింది పలకలు తొక్కాడు. కాస్త తగ్గితే వెనకబడ్డ పనికి కూడా కలిపి తొక్కాడు. చివరికి కుంటితే తప్ప కదల్లేని స్థితికి తెచ్చుకున్నాడు.

భార్య రమాదేవి ఇక ఊరుకోలేదు. రైలెక్కించి తను పుట్టిన ఊరు హిందూపురం తీసుకుపోయింది. పెనుకొండ దాటేదాకా అతను గొణుగుతూనే ఉన్నాడు. అక్కడి డాక్టరు చూసి, అది నరం కాదు, పిక్కను మడమకు కట్టి ఉంచే పట్టీ అన్నాడు. ఊరికే పడుకుంటే మానదు, మెల్లగా బలం రావాలి. రెండు పూటలా మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు ఎత్తి, నిదానంగా దించాలి. కొంచెం నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటికి ఎక్కువైతే తగ్గించాలి. మగ్గం మాత్రం మూడు నెలలు వద్దన్నాడు.

మగ్గం మీద చీర సగంలో ఉంది. వాళ్ళ ఇంట్లో కోడలు రాట్నం దగ్గర దారం చుట్టాలే గాని గుంటలోకి దిగకూడదు. అతని తల్లి తిప్పమ్మ పెట్టిన కట్టుబాటు అది. ఆమె పోయి ఆరేళ్ళయినా మాట పోలేదు. ఇప్పుడు వేరే దారి లేక రమాదేవి గుంటలోకి దిగింది, తిరుపాల్ రాట్నం పట్టాడు.

మెట్టు మీద మడమలు ఎత్తి దించుతున్నా చెవులు మగ్గం మీదే ఉండేవి. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడుకు అరికాళ్ళు వాటంతటవే కదిలేవి. తెల్లారకముందే లేచి, దొంగలా పోయి పోగులు తడిమి వచ్చేవాడు. పెళ్ళాం మీద అసూయ పడే మగవాణ్ణి చూసి నవ్వుకోవచ్చు గాని, అతనికి నిజంగానే ఏడుపొచ్చేది.

దసరా దాటాక ఒక పొద్దున మొదటి అడుగు నొప్పి లేకుండా పడింది. రోజుకు గంటతో మొదలుపెట్టమన్నాడు డాక్టరు. రమాదేవి గుంటలోంచి లేచి రాట్నం ముందు కూర్చుంది.

పలక తొక్కగానే తిరుపాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ మూడు నెల్లు నేనెంత అల్లాడినానో నీకేం తెలుసులే" అన్నాడు.

ఆమె దారం చుట్టడం ఆపలేదు. "తెలీకేం? పెండ్లి కాకముందు మా నాయన మగ్గం మీద నేనే నేస్తాంటి. ఈడికొచ్చి పంతొమ్మిదేండ్లు. నీ మగ్గం చప్పుడు వింటా కూచోనుండా."

తిరుపాల్ కాలు ఆగిపోయింది. గుంటలోంచి పైకొచ్చి, దిగమన్నట్టు పక్కకు జరిగాడు.

గంట ఇంకా కాలేదు కదా అంది రమాదేవి. అంటూనే లేచి నిలబడింది.