వచ్చే సోమవారం ఎగిరే విమానం

మా సంస్థలో విమానాలు పదకొండు. వాటిలో ఎగిరేవి ఏడు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాతోనే నా తల ప్రాణం తోకకొస్తోంది. ఏ రోజు ఏ విమానం ఏ ఊరికి వెళ్లాలో నిర్ణయించే విభాగానికి పెద్దని నేను. విభాగం అంటే ఎక్కువ ఊహించుకోకండి. నేను, ఒక గుమాస్తా, సరిగ్గా ఎండలు ముదిరినప్పుడే మొరాయించే ఒక ఏసీ.

పదకొండు విమానాలూ ఒకే రకమైతే ఎవరైనా నడిపేస్తారు. మావి ఐదు రకాలు. ఆరేళ్లలో నలుగురు ఎండీలు మారారు, వచ్చిన ప్రతివాడూ ఒక కొత్త రకం మీద మనసు పడ్డాడు. వాళ్లు వెళ్లిపోయారు, విమానాలు మిగిలాయి. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. ఒకదాని పైలట్ ఇంకోదాన్ని ముట్టుకోకూడదు. పొద్దున్నే ఒక విమానం మొండికేస్తే, పక్కనే ఇంకోటి ఖాళీగా నిలబడి ఉన్నా పంపలేను. ప్రయాణికులు కిటికీలోంచి దాన్ని చూపించి, అది ఉందిగా అని కౌంటర్ వాళ్లని తిడతారు. వాళ్లు నన్ను తిడతారు. నేను తిట్టడానికి ఎవరూ ఉండరు.

వీటిలో బుల్లివి మూడు, పంకాలతో నడిచేవి, నలభై ఆరు సీట్లు. కొండ ఊరికి దిగగలిగేవి అవి మాత్రమే, ఎందుకంటే అక్కడి రన్‌వే పొట్టిది. వారానికి మూడు రోజులు వెళ్తాయి. విమానం లేకపోతే పద్నాలుగు గంటల ఘాట్ రోడ్డు, వానలు పడితే అదీ ఉండదు.

మూడు అన్నానా, కాగితం మీద మూడు. మూడోది విమానాలు బాగుచేసే హ్యాంగర్ వెనక గడ్డిలో ఉంది. దానికి ఇంజనీర్లు దానకర్ణుడు అని పేరు పెట్టారు. మిగతా రెండింటికీ ఏది పాడైనా దీంట్లోంచి ఊడదీసి బిగిస్తారు. ముందు ఒక ఇంజను పోయింది, తర్వాత రెండోది, తర్వాత చక్రాలు, కాక్‌పిట్‌లో గడియారాలు, ఆఖరికి టాయిలెట్ తలుపు గొళ్లెం కూడా. ఇప్పుడది ఇటుకల మీద కూర్చుని ఉంది. పిచ్చుకలు కాపురం పెట్టాయి.

మరి దాన్ని లెక్కలోంచి కొట్టేయొచ్చు కదా అంటారు. కొట్టేయబోయాను. మూడేళ్ల కిందట హ్యాంగర్ పెద్ద నా గదికొచ్చి కూర్చున్నాడు. ఆయన్ని అందరూ పానా బాబాయి అంటారు, జేబులో ఎప్పుడూ ఒక పానా ఉంటుంది కాబట్టి.

"అమ్మాయ్, దాన్ని చచ్చిపోయిందని రాయకు. రాసిన మర్నాడే పాత సామాన్ల శాఖ వాళ్లొచ్చి తుక్కు కింద వేలం వేసేస్తారు. అప్పుడు నాకు ఒక్క మేకు కూడా దొరకదు. కొత్త భాగాలు అడిగితే పది నెలలు పడుతుంది. ఆ రెండూ ఎగరాలంటే ఇది బతికుండాలి."

"బతికుందని ఎలా రాయను బాబాయ్?"

"రిపేర్‌లో ఉందని రాయి. ఎప్పుడు లేస్తుందంటే, వచ్చే సోమవారం అను."

అలా మొదలైంది. నా పట్టికలో ప్రతి విమానానికీ 'తిరిగి ఎగిరే తేదీ' అని ఒక గడి ఉంటుంది. ప్రతి సోమవారం పొద్దున దానకర్ణుడి గడిలో తేదీని ఒక వారం ముందుకు జరిపేదాన్ని. అబద్ధం ఆడుతున్నానని ఎప్పుడూ అనిపించలేదు. మూడేళ్ల అబద్ధం అంటే భయపడేదాన్నేమో, ఇది వారం అబద్ధమే కదా. పైగా మా ఆఫీసులో ఊడ్చే ఆవిడకి కూడా తెలుసు అది లేవదని.

కొండ ఊరి విమానాశ్రయంలో మా తమ్ముడు మేనేజరు. అక్కడ వాడితో కలిపి ఐదుగురు. చెక్ఇన్ వాడే చేస్తాడు, పెట్టెలు వాడే తూస్తాడు, రన్‌వే మీదికి మేకలొస్తే వాడే తోలతాడు. ఏడేళ్లుగా అక్కడే ఉండి, అక్కడి స్కూలు టీచరునే పెళ్లి చేసుకున్నాడు. విమానం ఉన్న రోజుకి ముందు సాయంత్రం ఫోన్ చేస్తాడు. "అక్కా, రేపు వస్తుందా?" అంతే, కుశలప్రశ్నలు ఉండవు. వస్తుందిరా అంటే పెట్టేస్తాడు. వాడికది ఉద్యోగం కాదు, పరువు. ఆ ఊళ్లో విమానం రాకపోతే జనం సంస్థని అనరు, వాణ్ణి అంటారు.

కొత్త ఎండీ ఈ వేసవిలో వచ్చాడు. ఇంతకుముందు సిమెంటు కంపెనీ నడిపాడట. మంచివాడే, కాకపోతే ప్రతిదాన్నీ సగటు తీస్తాడు. మొదటి మీటింగులోనే తెరమీద ఒక బొమ్మ వేశాడు. మూడు బుల్లి విమానాలు కలిపి ఇన్ని గంటలు ఎగురుతున్నాయి, అంటే ఒక్కోటీ రోజుకి నాలుగు గంటలే, కాబట్టి ఒకటి అదనం అన్నాడు. రెండు విమానాలు చచ్చీ చెడీ ఆరేసి గంటలు ఎగురుతుంటే, మూడుతో భాగించి సోమరులని తేల్చాడు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. ఆయన పక్కన ఆర్థిక శాఖ పెద్దమనిషి ఉన్నాడు, పానా బాబాయి నాకెదురుగా కూర్చుని బల్లకింద నా కాలు తొక్కాడు. తర్వాత వరండాలో, "పోనీలే, గంటల సంగతి వదిలేయ్" అన్నాడు.

రెండు వారాలకి కాగితం వచ్చింది. 'అదనంగా ఉన్న ఒక చిన్న విమానాన్ని అమ్మివేయుటకు ప్రతిపాదన. ప్రణాళికా విభాగం అభిప్రాయం కోరడమైనది.' చదవగానే నా నెత్తిన పాలు పోసినట్టయింది. మూడేళ్లకి ఎవడికో బుద్ధొచ్చింది, దానకర్ణుణ్ణి వదిలించుకుంటున్నారు అనుకున్నాను. మా అంతస్తులో 'ఒక చిన్న విమానం' అంటే ఎవరికైనా అదే. పానా బాబాయికి ఫోన్ చేస్తే ఆయనా అదే అనుకున్నాడు. "పోతే పోనీ, పనికొచ్చేవన్నీ పీకేసి అటక మీద పెట్టుకున్నా" అని నవ్వాడు. 'అభ్యంతరం లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఏ విమానం అని అడగాలన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, ఒక బుధవారం పదకొండు గంటలకి పానా బాబాయి ఫోన్.

"అమ్మాయ్, కిందికి రా. మంచిదాన్ని తీసుకెళ్లిపోతున్నారు."

మెట్లు దిగి హ్యాంగర్ దాకా పరిగెత్తాను. కొన్నవాళ్ల పైలట్లు ఇద్దరు, మా బుల్లివాటిలోకెల్లా ఆరోగ్యంగా ఉన్నదాని కాక్‌పిట్‌లో కూర్చుని ఉన్నారు. తోక మీద మా సంస్థ గుర్తుని తెల్లరంగుతో కప్పేశారు. రెండు పంకాలూ ఒక్క పిలుపుకే తిరిగాయి. అది రన్‌వే చివరికి వెళ్లి, మలుపు తిరిగి, లేచి వెళ్లిపోయింది. కొనేవాడు ఎగిరేదాన్ని కొంటాడు గానీ పిచ్చుకల గూడుని కొంటాడా? పానా బాబాయి నా వైపు చూడలేదు.

నేరుగా ఎండీ గదికి వెళ్లాను. ఆయన భోజనం డబ్బా విప్పుతున్నాడు.

"సార్, మీరు అమ్మేసింది ఎగిరేదాన్ని. ఇక మిగిలింది ఒక్కటే."

"రెండు కదా మేడమ్?"

"రెండోదానికి ఇంజన్లు లేవు సార్. చక్రాలూ లేవు."

ఆయన డబ్బా మూత పెట్టేసి కంప్యూటర్ నావైపు తిప్పాడు. నా పట్టికే. "వచ్చే సోమవారం ఎగురుతుందని ఉంది. మీరు రాసిందే."

ఆయన పాత వారాల పట్టికలు ఒక్కోటీ వెనక్కి తిప్పాడు.

"ఎన్నాళ్లుగా ఇలా రాస్తున్నారు?"

"మూడేళ్లు."

"ఎవరూ అడగలేదా?"

"ఈ మూడేళ్లలోనే మీకు ముందు ముగ్గురున్నారు సార్. ఎవరూ కిందికి దిగి చూడలేదు. మీరూ దిగలేదు."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు. "నేను అంకెల్ని నమ్మి వచ్చానమ్మా. అంకెలు రాసేది మీరు. ఇప్పుడు ఉన్న ఒక్కదాన్ని జనం ఎక్కువ ఉన్న రూటులో తిప్పుకోవాలి. కొండ ఊరు ఆపేయండి. ఈ శనివారం ఆఖరుది." ఆయన మీద విరుచుకుపడదామనే వెళ్లాను. పడటానికి ఆయన తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా సగమే దొరికింది.

ఆ సాయంత్రం తమ్ముడి ఫోన్ రాకముందే నేనే చేశాను. జరిగిందంతా చెప్పాను, సంతకంతో సహా. 

"సంతకం పెట్టింది నువ్వేనా అక్కా?" అన్నాడు.

"నేనేరా."

"వచ్చే వారానికి టికెట్లు కొన్నవాళ్లు నూట పది మంది ఉన్నారు. డబ్బులు వెనక్కిస్తే సరిపోదు, రోడ్డు ఎలా ఉందో నీకు తెలీదు. వాళ్లకి నేను చెప్పను. ఏడేళ్లుగా నా మొహం చూసి కొంటున్నారు. నువ్వొచ్చి చెప్పు."

శనివారం ఆఖరి విమానంలో వెళ్లాను. ఇరవై రెండేళ్లుగా ఆ ఊరికి విమానాలు పంపుతున్నదాన్ని, ఆ ఊళ్లో కాలు పెట్టడం అదే మొదటిసారి. తమ్ముడి పెళ్లికి కూడా వెళ్లలేదు, ఆ వారం రెండు విమానాలు ఒకేసారి పడకేశాయి. విమానాశ్రయం అంటే రేకుల కప్పు కింద ఒకే ఒక గది, రెండు బెంచీలు, ఒక తూకం యంత్రం. గది నిండా జనం. వార్త అప్పటికే పొక్కింది.

 తమ్ముడు కౌంటర్ వెనక నుంచి పక్కకి జరిగి చోటిచ్చాడు. నేను నిలబడి చెప్పాను, ఈ రోజుతో విమానం ఆగిపోతోందని, తప్పు నా విభాగానిదని.

"మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని ముందు వరసలో ఒకావిడ అడిగింది. బట్టలు కుడుతుందట, మెడలో ఇంకా టేపు ఉంది. పక్కన బెంచీ మీద ఆమె భర్త, తలకి ఉన్ని టోపీ, ఒళ్లో ఆసుపత్రి ఫైలు.

నోటిదాకా ఒక తేదీ వచ్చింది. మింగేశాను. "రాదమ్మా."

"ఈయనకి మంగళవారం మందు ఎక్కించాలి. మంగళవారం పొద్దుటి విమానానికే టికెట్ ఉంది మాకు."

"ఈ రోజు దాంట్లో సీటు ఉందేమో చూడు" అన్నాను తమ్ముడితో.

వాడు జాబితా నావైపు తిప్పాడు. నలభై ఆరు పేర్లూ నిండిపోయాయి. దానికింద విడిగా నా పేరు, స్టాఫ్ టికెట్, ఖాళీ ఉంటేనే ఎక్కనిస్తారు. వాడు దాని మీద గీత కొట్టాడు. ఆ కొట్టడంలో కోపం లేదు, రూలు అంతే. కోపం ఉన్నా బాగుండేది. 

విమానం వెళ్లిపోయాక గది ఖాళీ అయింది. వాడు తూకం యంత్రానికి గుడ్డ కప్పి, తలుపుకి తాళం వేసి, నన్ను స్కూటర్ మీద బస్టాండుకి తీసుకెళ్లాడు.  బస్సెక్కాక కిటికీ దగ్గరికొచ్చి, "కుడివైపు కూర్చో. ఎడమవైపు లోయ, నీకు కళ్లు తిరుగుతాయి" అన్నాడు. ఏమన్నా అందామని నేను మొహం బయటికి పెట్టేలోపే స్కూటర్ తిప్పేశాడు.

బస్సు కదలబోతుంటే కుట్టుపనావిడ భర్తని పట్టుకుని ఎక్కింది. రేపు పొద్దుటికి చేరితే రెండు రోజులు తెరిపిన పడి, మంగళవారానికి మందు తట్టుకోగలడని ఆమె లెక్క. ముగ్గురు కూర్చునే సీటు, మేం ముగ్గురమే అయ్యాం. ఆమె నన్ను గుర్తుపట్టింది.  కాసేపయ్యాక, "కొంచెం జరుగుతారా, ఆయన కాళ్లు చాపుకోవాలి" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆయన నా చోటులోకి కాళ్లు చాపాడు. ఊరు దాటి మొదటి మలుపు తిరగ్గానే ఆయనకి వాంతి అయింది, కొంత నా చీర మీద పడింది. ఆమె గబగబా తుడవబోతే వద్దని, నా సీసాలో నీళ్లు ఆయన నోటికి అందించాను. ఇంకా పదమూడున్నర గంటల దారి ఉంది.