కోర్సు పూర్తి చెయ్యాలా సార్?

విజయనగరంలో శిక్షణకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నర్సు లీలారాణి జలుబుతో వచ్చినవాళ్లకు పాఠం చెప్పకుండా పంపడం లేదు. రామతీర్థం దగ్గరి ఆ చిన్న ఆరోగ్య కేంద్రంలో అడిగినవాళ్లకల్లా ఇన్నేళ్లూ యాంటీబయాటిక్ మాత్రలు పంచిన మనిషి ఆమే.

"జలుబు వైరస్ వల్ల వస్తాది. ఈ మాత్రలకి వైరస్ చావదు. ఊరికే మింగితే ఒంట్లో ఉన్న వేరే క్రిములు మందుకి మొండికేస్తాయి. రేపు నిజంగా అవసరమైనప్పుడు అది పనిచెయ్యదు. అర్థమయ్యిందా?"

"అయ్యింది. మరి మాత్రలేవీ?" అంది బుల్లమ్మ.

"ఉప్పునీళ్లు పుక్కిలించు. ఆవిరి పట్టు."

"ఆవిరి పట్టుకోడానికి ఆటో ఎక్కి రావాలేటమ్మా?" అని గొణుక్కుంటూ బుల్లమ్మ వెళ్లిపోయింది. పక్కగదిలో డాక్టర్ మోహనకృష్ణ నవ్వుకున్నాడు.

ఆ వారంలోనే లీలారాణికి జలుబు చేసి గొంతు పట్టేసింది. ఆదివారం చర్చిలో ఆమె ఒక్కతే పాట పాడాలి. ఆ మాట కేంద్రంలో అందరికీ చెప్పుకుంది కూడా. శనివారం రోగులు పలచబడ్డాక ఇంజెక్షన్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. హ్యాండ్‌బ్యాగులో ఎప్పటిదో అజిత్రోమైసిన్ అట్ట ఉంది. మాత్ర చేతిలో పెట్టుకుని కాసేపు తనతో తానే వాదించుకుంది. జనానికి చెప్పిందంతా నిజమే. కానీ జనానికి రేపు పాట లేదు కదా. గుటుక్కున మింగేసింది.

నీళ్ల సీసాకి మూత పెడుతుంటే డాక్టరు లోపలికి వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం ఉంది.

"సిస్టర్, అల్మారాలో అజిత్రో ఏమైనా..." అంటూ బల్ల మీద అట్ట చూసి ఆగిపోయాడు.

లీలారాణి అతని రుమాలు వంక చూసింది.

"మీకూ జలుబేనా సార్?"

"సోమవారం కలెక్టరు గారి మీటింగు. తుమ్ముతూ ఏం మాట్లాడను?"

"వైరస్‌కి మీటింగు సంగతి తెలీదు కదా సార్."

"పాట సంగతి తెలుసన్నమాట."

లీలారాణికి నవ్వొచ్చింది, గొంతు నొప్పెట్టింది. అంతలోనే అసలు అనుమానం పట్టుకుంది. "ఇప్పుడు నేనేటి చెయ్యాలి సార్? మొదలుపెడితే కోర్సు పూర్తి చెయ్యాలని గోడ మీద రాయించింది మీరే. జలుబుకి వెయ్యకూడదన్నదీ మీరే. నేను ఒకటి మింగేశాను."

డాక్టరు తనకు చదువు చెప్పిన ప్రొఫెసరుకి ఫోన్ చేశాడు. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు విన్నాడు.

"ఏమన్నారు సార్?"

"అక్కర్లేని మందుకి కోర్సేమిటి, ఆపెయ్యమన్నారు. మీలో ఎవరు మింగారని కూడా అడిగారు. మీ పేరు చెప్పేశాను."

"మీరు మింగబోయారని చెప్పలేదా?"

"అది అడగలేదు."

ఆదివారం లీలారాణి బొంగురు గొంతుతోనే పాడింది. ఇంటికి వస్తుంటే భర్త రాబర్ట్, "పాట బాగానే ఉంది. పాడిందెవరో మాత్రం పోల్చుకోలేకపోయాను" అన్నాడు. ఆమె ఆలోచన బుల్లమ్మ మీదికి పోయింది. తనకు పాట ఉన్నట్టే ఆమెకూ ఏదో పని ఉండే ఉంటుంది. పాఠం చెప్పే తొందరలో తను ఆమె గొంతులోకైనా చూడలేదు.

సోమవారం గంగులు దగ్గుకుంటూ వచ్చాడు. లీలారాణి ముందు టార్చి వేసి గొంతు చూసింది. జ్వరం చూసింది. ఊపిరి ఎలా ఆడుతోందో గమనించింది.

"ఇది జలుబు దగ్గే. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటాది. ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా వెంటనే రా."

"మాత్ర లేదా సిస్టరమ్మా?"

"నాకూ ఇదే జలుబు. ఒకటి మింగి సూశాను. ఏటీ తగ్గలేదు."

గంగులు ఆమె ఎర్రబడ్డ ముక్కు వంక బాగా పరిశీలనగా చూసి, నమ్మి, తన స్టూలు కాస్త వెనక్కి లాక్కున్నాడు.