రోవేనా స్థానంలో

రోవేనాకి జ్వరం తగ్గింది. క్లాసంతా సంతోషించింది. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ అమ్మాయి నాకేం అపకారం చేసిందని? ఏమీ లేదు. మంచిది కూడాను. అడక్కపోయినా తన డబ్బాలోని ఎండుచేప ముక్క తీసి పక్కవాళ్ళ అన్నంలో వేసే రకం. కానీ ప్రామ్ రోజున, అంటే ఏటా బడిలో జరిగే డాన్సు వేడుక రోజున, జంటలు వరుసలు కట్టి చేసే కొటిల్యోన్ డాన్సులో ఆమెకు జోడీ ఏరియల్. ఆమె మంచం పట్టినన్నాళ్ళూ ఆమె స్థానంలో నిలబడి ఏరియల్‌తో డాన్సు చేసింది నేను.

మా ఊళ్ళో ఇదొక ఏర్పాటు. బడిలో డాన్సు నేర్పేది మేము. మేమంటే బక్లాలం. మగపిల్లల్ని ఇష్టపడే మగపిల్లలకి ఊరు పెట్టిన పేరది. మేమూ అలాగే చెప్పుకుంటాం, మాకేం సిగ్గు లేదు. మగపిల్లల అడుగులూ ఆడపిల్లల అడుగులూ రెండూ మాకు వచ్చు. రిహార్సల్‌కి ఎవరు రాకపోయినా వాళ్ళ చోట్లో మమ్మల్ని నిలబెడతారు. ఆ మనిషి తిరిగి రాగానే పక్కకి జరగమంటారు. వరుసలో ఖాళీ ఉన్నంతవరకే మాకు చోటు.

"థాంక్స్ నెస్టర్, నా చోటు భలే కాపాడావు" అంది రోవేనా నవ్వుతూ. కాపాడానట! నేనేమన్నా కాపలా కుక్కనా?

బాస్కెట్‌బాల్ ఆడే రేకుల షెడ్డు కింద నేను మధ్యలో నిలబడి చప్పట్లు కొడుతూ లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు. ఏరియల్ చెయ్యి రోవేనా నడుం మీద ఉంది. నిన్నటిదాకా ఆ చేతికి నా నడుం తెలుసు. నోరు లెక్కపెడుతోందే గాని కళ్ళు ఆ చేతిని వదలలేదు. మధ్యలో ఒకసారి వాడు అడుగు తప్పి నావైపు చూశాడు. చూడు, బాగా చూడు అనుకున్నాను కసిగా.

అప్పుడొచ్చారు ప్రిన్సిపాల్ బుస్తమాంతే మేడమూ, కాంట్రాక్టర్ కిహానో.

కిహానో సార్డీన్ చేపల ఫ్యాక్టరీకి కూలీలను సరఫరా చేస్తాడు. రోజూ పొద్దున గేటు దగ్గర ఆయన మనిషి పేరు పిలిస్తేనే పని. మా అమ్మ పేరైనా, ఏరియల్ వాళ్ళ నాన్న పేరైనా అంతే. పేరెంట్స్ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ప్రామ్ ఖర్చు ఆయనది గనక ప్రామ్ కూడా ఆయనదే అన్నట్టు ఉంటాడు.

మేడమ్ కళ్ళు మగపిల్లల వరుసలో ఉన్న బెబాంగ్ మీద పడ్డాయి. బెబాంగ్ ఆడపిల్ల. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు, ఒంటిమీద బరోంగ్ చొక్కా. మగవాళ్ళు పెళ్ళిళ్ళకీ పండగలకీ వేసుకునే సన్నటి చొక్కా అది. ఫ్యాక్టరీలో చేపల తలలు కోసే వాళ్ళమ్మ సెలవురోజుల్లో కూర్చుని కూతురి కోసం కుట్టింది.

"ఏంటా వేషం?" అంది మేడమ్.

"వేషం కాదు మేడమ్. నా బరోంగ్."

"విప్పు."

"ఇంటికెళ్ళి..."

"ఇక్కడే విప్పు. గౌను వేసుకునే పనైతే ప్రామ్‌కి రా. లేకపోతే ఇంట్లో పడుండు."

బెబాంగ్ ఒక్కొక్క గుండీ తీసింది. అందరి ముందూ లోపలి బనీనుతో నిలబడింది. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆమె ఏడవలేదు. చొక్కా నేలకి తగలకుండా మడత పెట్టుకుంది.

కిహానో గొంతు సవరించుకున్నాడు. "చూడండి పిల్లలూ, మగాడికి ఆడపిల్ల జోడీ. అంతే. ఇదిగో, మీరు" అని మావైపు వేలు చూపించాడు. "హాలు అలంకరించండి, అమ్మాయిలకి జడలూ మొహాలూ దిద్దండి. డాన్సు మొదలయ్యేలోపు వెనక గేటు నుంచి వెళ్ళిపోండి. ఒక్కొక్కరికీ పాన్సిత్ నూడుల్స్ పొట్లం ఇప్పిస్తాలే."

నేను ఆగలేకపోయాను. "మేమూ ఈ బడి పిల్లలమే కదా సార్. మేమెందుకు డాన్సు చెయ్యకూడదు?"

"ఈర్ష్యరా నీకు! జంటల్ని చూసి కుళ్ళుకుంటున్నావు!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఈర్ష్య! ఆ మాట నాకు కొత్త కాదు. కిందటేడు మా అమ్మావాళ్ళు కూలి పెంచమని అడిగినప్పుడు కూడా ఇదే అన్నాడు: నా కారు చూసి మీకు కడుపుమంట. అడిగే ప్రతివాళ్ళకీ ఆయన దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. ఔనయ్యా, ఈర్ష్యే. ఒకడి కంచంలో అంతుంటే నా కంచం ఎందుకు ఖాళీగా ఉందని అడగడానికి ముందు పుట్టేది ఈర్ష్య కాక మరేమిటి? అది లేనివాడు అసలు అడగనే అడగడు.

ఆ సాయంత్రం మమ్మీ ఓసాంగ్ బ్యూటీ పార్లర్‌లో చేరాం. ఓసాంగ్‌కి జుట్టు నెరిసింది. మా నాన్న తరానికి ఈ డాన్సు నేర్పింది కూడా ఆమే. పుట్టుకకు మగవాడే, కానీ మాకందరికీ మమ్మీ. ఊళ్ళోని మిగతా పార్లర్ల వాళ్ళూ, గౌన్లు కుట్టే వాళ్ళూ, మా బడి బక్లాలూ, బెబాంగూ, అందరం గోడలకి ఆనుకుని కూర్చున్నాం.

"చేతులు ఆపేద్దాం" అంది బెబాంగ్. "ఎవరి జుట్టూ దువ్వం. ఎవరి గౌనూ సరిచెయ్యం. లెక్క పెట్టం. ఎలా డాన్సు చేస్తారో చేసుకోమనండి."

"నీకేం తల్లీ, నోరుంది గనక అంటావు" అన్నాడు ఒక దర్జీ. "ఏడాదిలో మాకు నాలుగు మెతుకులు దొరికేది ఈ నెల్లోనే."

"మెతుకులు దొరుకుతున్నాయి సరే. వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తూ తింటున్నాం. అది మర్యాదా?" అన్నాను నేను.

బెబాంగ్ నావైపు తిరిగింది. "నీ సంగతి నాకు తెలీదంట్రా? నీకు కావాల్సింది న్యాయం కాదు, ఏరియల్. రోవేనా డాన్సు చెడిపోవాలి, నీ కళ్ళు చల్లబడాలి."

అందరూ గొల్లున నవ్వారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి.

"ఔను. ఏరియల్ కావాలి. న్యాయమూ కావాలి. రెండూ అడిగితే తప్పా?"

మమ్మీ ఓసాంగ్ చేతిలోని దువ్వెన బల్ల మీద పెట్టింది.

"నేను నేర్పిన పిల్లలు తాతలయ్యారర్రా" అంది నెమ్మదిగా. "ఒక్కసారన్నా నేను ఆ హాలు మధ్యలో నిలబడింది లేదు. చిన్నప్పుడు నాకూ ఒకడుండేవాడు. వాడు వేరేదానితో డాన్సు చేస్తుంటే నేను గ్లాసులు కడిగాను. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను గాని, నోరు విప్పి అడగాలని తోచలేదు. వీడికి తోచింది. రేపట్నించి నా పార్లర్ తలుపు మూత."

దర్జీ కాసేపు గొణిగాడు. తర్వాత తన కత్తెర తీసి ఆ దువ్వెన పక్కనే పెట్టాడు.

పార్లర్లు మూతపడ్డాయి. హాల్లో కట్టాల్సిన కాగితం పూలు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. అమ్మాయిల తల్లులు వచ్చి బతిమాలారు, తిట్టారు, మళ్ళీ బతిమాలారు. మేం కదల్లేదు. మూడు మాటలు చెప్పాం: ఎవరికి నచ్చిన బట్టల్లో వాళ్ళు వస్తారు, ఎవరికి నచ్చినవాళ్ళతో వాళ్ళు డాన్సు చేస్తారు, బెబాంగ్‌కి అందరి ముందూ క్షమాపణ చెప్పాలి.

ఏరియల్ మా ఇంటి వెనక్కి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నేను డాన్సు చెయ్యకపోతే మా నాన్న పేరు పిలవరంటరా. కిహానో చెప్పించాడు."

"అయితే వెళ్ళు. రోవేనా నడుం పట్టుకుని తిరుగు. ఎవడొద్దన్నాడు?"

"అలా మాట్లాడకు నెస్టర్. నీతో చేస్తేనే నా కాళ్ళు తడబడవు. నీకు తెలుసు."

తెలుసు. తెలిసే మండింది. వాడు అటు తిరిగి వెళ్తుంటే పిలవాలనిపించింది, పిలవలేదు.

మర్నాడు మేడమ్ నన్ను గదికి పిలిపించింది. కుర్చీ చూపించింది. ఎప్పుడూ లేనిది చల్లటి డ్రింకు తెప్పించింది.

"చూడు బాబూ, నువ్వు తెలివైనవాడివి. కార్యక్రమం అయ్యాక దీపాలు తగ్గించాక ఒక పాటకి ఆ అబ్బాయితో డాన్సు చేసుకో. నేను చూడనట్టు ఊరుకుంటాను. నువ్వు వచ్చి లెక్కపెట్టు, ఆ ఓసాంగ్‌ని తలుపులు తియ్యమను."

ఏరియల్‌తో. ఆ హాల్లో. అందరూ ఉండగా.

"మిగతావాళ్ళు మేడమ్?"

"వాళ్ళ సంగతి నీకెందుకు?"

ఔననడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ హాల్లో నేనొక్కణ్ణే తిరుగుతుంటే బయట గేటు చువ్వలు పట్టుకుని బెబాంగ్ చూసే చూపు నాకు కనిపించింది. ఆ చూపు నాకు కొత్తా? ఇన్ని రోజులుగా రోవేనాను నేను చూస్తున్నది దాంతోనే. ఎంత కాలుతుందో నాకు తెలుసు. దాన్ని ఇంకొకరికి అంటించి నేను పాటకి డాన్సు చెయ్యలేను.

"డ్రింకు మీరే తాగండి మేడమ్" అని లేచి వచ్చేశాను.

ప్రామ్ రోజు సాయంత్రం బడి గేటు ముందు బైఠాయించాం. కిహానో నగరం నుంచి వ్యానులో బ్యూటీషియన్లను తెప్పించాడు. వ్యాను ఆగింది. తలుపు తెరుచుకుంది. దిగినవాళ్ళంతా మావాళ్ళే, బక్లాలే! ఆ తొందరలో ఆయనకి అది తోచలేదు పాపం. ఇంకెవరు దొరుకుతారు ఈ పనికి?

"ఏంటక్కా, ఎవరి పెళ్ళికి ఈ ముట్టడి?" అంది వాళ్ళలో పెద్దది.

మమ్మీ ఓసాంగ్ చెప్పింది. బెబాంగ్ చొక్కా సంగతి కూడా చెప్పింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మొహాలు దిద్దడానికి వచ్చాం, దిద్దకుండా పోతామా? ఇటు తిరగండే, మీ మొహాలే దిద్దుతాం" అని పెట్టెలు తెరిచి మా పక్కనే చతికిలబడ్డారు. గేటు లోపల కిహానో అరిచిన అరుపులకి కాకులు లేచిపోయాయి.

లోపల పాట మొదలైంది. గేటు చువ్వల్లోంచి, తెరిచి ఉన్న హాలు తలుపుల్లోంచి చూశాం. అట్టపెట్టెలు మూలనే ఉన్నాయి. జంటలు వరుసల్లో నిలబడ్డాయి. మధ్యలో లెక్కపెట్టే మనిషి లేడు. మొదటి వలయం ఎలాగో దాటారు. రెండు వరుసలూ కలిసే మలుపులో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే చిక్కుపడ్డారు. కిహానో మైకు పట్టుకుని "కానివ్వండి, కానివ్వండి!" అంటున్నాడు. ఏరియల్ నేల చూస్తున్నాడు.

అప్పుడు రోవేనా వరుసలోంచి బయటికి వచ్చింది. గౌను రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది.

"మాకు నేర్పినవాళ్ళు గేటు బయట ఉన్నారు. వాళ్ళు లేకుండా ఇదేం డాన్సు? నేను వాళ్ళ దగ్గరికి పోతున్నా!"

గేటు తోసుకుని వచ్చేసింది. వెనకే ఇద్దరు, నలుగురు, ఆపైన గుంపు. చప్పట్లు, ఈలలు! నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు కుళ్ళే. గేటు దగ్గర దుమ్ములో కూర్చున్నది మేమైతే చప్పట్లు కూడా ఆమెకేనా అని. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చి, "లెక్క నేను పెడతా. నువ్వు వెళ్ళు" అని వెనక్కి చూపించింది. వెనక ఏరియల్ నిలబడి ఉన్నాడు.

రోడ్డు మీదే వరుసలు కట్టాం. మమ్మీ ఓసాంగ్‌ని ముందు నిలబెట్టాం. బెబాంగ్ బరోంగ్ తొడుక్కుని రోవేనా చెల్లెలికి చెయ్యి చాపింది. ఆ అమ్మాయి సిగ్గుపడుతూనే వచ్చింది. ఒకటి, రెండు, మూడు. రోవేనా లెక్క పరమ చెత్త. అయినా ఎవరూ అడుగు తప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ షిఫ్టు వదిలారు. రబ్బరు బూట్లతో, చేపల వాసనతో జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఏరియల్ నాన్న మాంగ్ బెర్తో ఉన్నాడు; వయసులో పెద్ద మగవాళ్ళని మేం పేరుకి ముందు మాంగ్ చేర్చి పిలుస్తాం. కిహానో ఆయన్ని చూశాడు.

"బెర్తో! లాగు నీ కొడుకుని! లేకపోతే రేపట్నించి నీ పేరు వినబడదు!"

ఏరియల్ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. అందరూ ఆగిపోయారు. మాంగ్ బెర్తో మా దగ్గరికి వచ్చాడు. కొడుకు మొహం చూశాడు, నా మొహానికున్న రంగులు చూశాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"నాకు ఇది నచ్చలేదు" అన్నాడు. కిహానో వైపు తిరిగాడు. "కానీ మావాడి చెయ్యి విడిపించడం నా కూలి పనిలో లేదు సార్."

ఎవరో ఆడమనిషి నవ్వింది. మా అమ్మే అనుకుంటా. రోవేనా మళ్ళీ మొదలుపెట్టింది: ఒకటి, రెండు, మూడు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర మాంగ్ బెర్తో పేరు పిలవలేదు. పిలిచిన పేర్లకి ఎవరూ పలకలేదు. మొట్టమొదట బెబాంగ్ వాళ్ళమ్మ గేటు ఎదుట కూర్చుంది, తర్వాత మా అమ్మ, తర్వాత వరుసగా అందరూ. మేం కూడా వెళ్ళాం, రాత్రి రంగులు మొహాల మీద ఉండగానే. మమ్మీ ఓసాంగ్ కాఫీ గిన్నె మోసుకొచ్చింది.

"డాన్సుకీ చేపలకీ ఏంటి సంబంధం?" అని కిహానో గేటు వెనక నుంచి గొంతు చించుకున్నాడు.

ఏరియల్ నా పక్కన కూర్చుంటాడనుకున్నాను. వాడు వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నాడు. నాకు చురుక్కుమంది. ఏం చెయ్యను, నా బుద్ధి అంతే. కాసేపు దూరంగా నిలబడి, ఇక ఉండబట్టలేక వెళ్ళి మాంగ్ బెర్తోకి అటుపక్కన నిలబడ్డాను. అక్కడ చోటు లేదు.

ఆయన నావైపు చూడలేదు. గేటు వైపే చూస్తూ కొంచెం జరిగాడు.