తలుపు కొక్కెం

ఓవెన్‌కి పెద్ద రోగమేమీ లేదు. తలుపు లోపలి ప్లాస్టిక్ కొక్కెం విరిగింది, అంతే. అది పడనిదే స్టార్ట్ కాదు. కంపెనీవాళ్లు ఆ మోడలే ఆపేశామన్నారు. ఆన్‌లైన్లో తెప్పిస్తే వేరే దానిది వచ్చింది. ఈలోగా అతని బావమరిది ఫోన్.

"నీ వల్ల కాదులే బావా. రాత్రి భోజనానికి వస్తూ నేనే ఒక ఓవెన్ పట్టుకొస్తా."

అతనికి ఒళ్లు మండిపోయింది. అదే జరిగితే చుట్టాలు కలిసిన ప్రతిచోటా జన్మంతా ఇదే కథ.

ఊరంతా గాలిస్తే చివరికి వీధి మలుపులోని పాత సామాన్ల కొట్లో దొరికింది, అచ్చం అదే మోడల్. లోపలంతా కాలిపోయినా కొక్కెం నిక్షేపంగా ఉంది. కొట్టువాడు పైన అద్దంలా తుడిచిపెట్టాడు. దాన్ని మోసుకొచ్చి వంటింట్లో తమ ఓవెన్ పక్కన పెట్టి, కొక్కెం ఊడదీసి చూస్తే స్ప్రింగ్ వదులు. కొక్కెం జేబులో వేసుకుని కొత్త స్ప్రింగ్ కోసం పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒక్కటే ఓవెన్. తళతళలాడుతోంది.

"రెండోదేదీ?"

"పాత సామాన్ల బండి వస్తే ఇచ్చేశానండీ. మురికిది పంపేసి శుభ్రమైనది ఉంచా," అంది భార్య, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

"ఆ మురికిదే మనది!"

"మనదైతే మురికిగా ఎందుకుంటుంది?"

ఆ బండి మలుపులోని కొట్టువాడిదే. అతను అటే పరిగెత్తాడు.

"ఇప్పుడే అమ్ముడుపోయింది సార్," అన్నాడు కొట్టువాడు. "కొక్కెం విరిగిందని చెప్పినా వినలేదు. మా బావ చేత వేయిస్తాలే అన్నాడు."

అతను వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద, ఆ తళతళలాడేదాని పక్కన, తమ ఓవెనే ఉంది. పైన కుక్కర్ పెట్టి కాల్చిన గుండ్రటి మచ్చే సాక్ష్యం. పక్కనే బావమరిది, మీసం దువ్వుకుంటూ.

"చిన్న కొక్కెం ఒక్కటే కావాలి బావా. అదైనా చేయగలవా?"

అతను జేబులోంచి కొక్కెం, కొత్త స్ప్రింగ్ తీసి, పళ్లు కొరుకుతూ బిగించాడు. లైటు వెలిగింది. పళ్లెం గిర్రున తిరిగింది.

"చూశావా! కొనడం తెలియాలి," అన్నాడు బావమరిది.

అతను నోరు తెరిచాడు. అప్పుడే భార్య ఆ మచ్చను చూసింది. తను పంపేసింది ఇదేనని అర్థమైంది. చప్పున దాని మీద గుడ్డ పరిచి, తమ్ముడి వెనక నుంచి రెండు చేతులూ జోడించింది.



"మంచి బేరమేరా," అన్నాడతను, గుడ్డ అంచు సర్దుతూ.